రెండు వేళ్ళ ఎత్తు

మేస్త్రి కొత్త సైకిలు కొన్నాడన్న సంగతి వీధివాళ్ళకంటే ముందు అతని నడుముకి తెలిసింది.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, పళ్ళు కట్టే మేస్త్రి. డాక్టరుగారి పళ్ళ ఆస్పత్రి వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని బోసినోళ్ళకి సెట్లు చేస్తాడు. ముందు గదిలో డాక్టరుగారు నోట్లో ముద్దపెట్టి అచ్చు తీసి పంపుతారు. మేస్త్రి ఆ అచ్చులో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ గుచ్చి, ఉడకబెట్టి, గీకి, మెరుగుపెట్టి ఇస్తాడు. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు మేస్త్రి పళ్ళతోనే నవ్వుతారు, ఆ పళ్ళతోనే కోడళ్ళ మీద నూరుతారు. దారిలో కనిపిస్తే మాత్రం ఒక్కరూ గుర్తుపట్టరు. పళ్ళు డాక్టరుగారివి కదా మరి.

డాక్టరుగారితో పరాయి దేశంలో సైకిలు తొక్కడానికి వెళ్ళే ప్రయాణానికి ముందురోజు పొద్దున మేస్త్రి బల్ల ముందు నిలబడి పనిచేస్తున్నాడు. కూర్చుంటే నడుము కలుక్కుమంటోంది, నిలబడితే మోకాలి వెనక నరం లాగుతోంది. చివరికి కొంగలాగా ఒంటికాలి మీద నిలబడి మైనం కరగబెడుతుంటే కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. రుమాలు విప్పి సెట్టు కిటికీ గట్టు మీద పెట్టింది. కింది చిగురు కోసుకుపోతోందని, మెత్తటి బ్రెడ్డు ముక్క కూడా నమలలేకపోతున్నానని, ముందు గదిలో చెప్పుకుంటే అలవాటవుతుందని పంపేశారని చెప్పింది.

మేస్త్రి సెట్టుని వెలుతురుకి పెట్టి చూశాడు. చూడక్కర్లేదు కూడా. అచ్చు తీసేటప్పుడు ముద్ద కదిలిపోయింది. ఆ సంగతి ప్లాస్టరు పోసిన రోజే అతనికి తెలుసు. కానీ డాక్టరుగారు ఒకసారి సరేనన్న సెట్టు మీద వెనక గది చెయ్యి పడకూడదు. అది అక్కడి కట్టుబాటు. చెయ్యి పడిందంటే అచ్చు తప్పని ఒప్పుకున్నట్టే.

"కొత్తలో అంతేనండి. నోరు దానికి అలవాటు పడాలి," అన్నాడు మేస్త్రి. ఏళ్ళ తరబడి అంటున్న మాటే. నాలిక మీద అరిగి అరిగి నున్నగా తయారైంది.

పెద్దావిడ సెట్టుని మళ్ళీ రుమాల్లో చుట్టుకుంటూ, "ఇది నాకు తగ్గట్టు ఉండాలి గానీ నాయనా, దీనికి తగ్గట్టు నేను ఇంకో నోరెక్కడ తెచ్చుకోను?" అంది. కోపంగా ఏమీ అనలేదు. తెలియక అడిగినట్టే అడిగి వెళ్ళిపోయింది.

మేస్త్రి నవ్వుకున్నాడు. నవ్వితే నడుము మళ్ళీ కలుక్కుమంది.

సాయంత్రం ఇంట్లో సైకిలుని అట్టపెట్టెలోకి ఎక్కించే కార్యక్రమం. చక్రాలు ఊడదీసి, గొలుసుకి గుడ్డ చుట్టి, హేండిలు పక్కకి తిప్పి కట్టాలి. మేస్త్రి ఒక్కో భాగాన్నీ పసిపిల్లకి నీళ్ళు పోసినంత జాగ్రత్తగా తుడుస్తున్నాడు. నల్లటి సైకిలు, సన్నటి సైకిలు. చిటికెన వేలు తగిలించి లేపితే లేచొచ్చేస్తుంది. దానికోసం అతను ఎన్నాళ్ళు కూడబెట్టాడో, ఏమేం మానుకున్నాడో అతని భార్యకి తెలుసు. అందుకే ఆవిడ దాన్ని సైకిలు అనదు, సవతి అంటుంది.

ఆవిడ బస్సు సీట్లకి కవర్లు కుట్టే వర్క్‌షాపులో పనిచేస్తుంది. మనిషి కూర్చున్న తీరు చూసి సీటు సంగతి చెప్పెయ్యగలదు. పెట్టెకి టేపు పట్టుకుని నిలబడి, "నిన్న వీధి చివర మిమ్మల్ని చూశాను. దీని మీద కూర్చున్నట్టు లేరండీ, వేలాడుతున్నట్టున్నారు. పిరుదులు ఇటూ అటూ ఊగుతున్నాయి. పక్కింటావిడ చూసి మీ ఆయన డాన్సు నేర్చుకుంటున్నారా అనడిగింది," అంది.

రేసు సైకిలు అంతేనని మేస్త్రి విసుక్కున్నాడు. మామూలు సైకిళ్ళకైతే సీటు కింద కడ్డీ ఉంటుంది, మర వదులు చేసి ఎంతెత్తు కావాలంటే అంతెత్తుకి జరుపుకోవచ్చు. దీనికి ఆ కడ్డీ లేదు. ఫ్రేమే చెట్టుకొమ్మలాగా పైకి పెరిగి సీటుదాకా వచ్చేస్తుంది. కొన్నవాడి కాలు కొలిచి, దాని ప్రకారం షాపులో ఒక్కసారి కోస్తారు. పొడుగైతే మళ్ళీ కోసి తగ్గించుకోవచ్చు గానీ, ఒకసారి పొట్టిదైతే పెంచడం ఎవడి తరమూ కాదు. మేస్త్రి కాలి కొలత షాపాయన తీసుకున్నాడు. కోసే రోజు మాత్రం ఆస్పత్రిలో పని తెమలక, డాక్టరుగారే వెళ్ళి దగ్గరుండి కోయించుకొచ్చారు. అంత పెద్దమనిషి తన సైకిలుకోసం షాపుకెళ్ళి నిలబడ్డారని మేస్త్రి నాలుగురోజులు నేల మీద నడవలేదు. ఆ తర్వాత నడుము పట్టేసి ఎలాగూ నడవలేకపోయాడు.

ఎత్తుగా ఉన్నట్టుంది సార్ అని ఒకసారి అని చూశాడు. "కొత్తలో అంతే మేస్త్రీ, ఒళ్ళు దానికి అలవాటు పడాలి," అన్నారు డాక్టరుగారు. తను రోజూ కిటికీలోంచి అమ్మే మాటనే తనకి అమ్మితే, బేరమైనా ఆడకుండా కొనేసుకున్నాడు మేస్త్రి.

రాత్రి భోజనాలకి ముందు ఆవిడ అతన్ని బోర్లా పడుకోబెట్టి నడుముకి మందు రాసింది. రాస్తూ రాస్తూ, "అవునూ, పరాయి దేశానికి మీకు టికెట్టు డాక్టరుగారెందుకు తీసినట్టు?" అంది.

"నేనంటే అభిమానం."

"అభిమానమైతే జీతం పెంచేవారు కదండీ."

మేస్త్రి దిండులో ముఖం పెట్టుకుని, ఆడవాళ్ళకి స్పోర్ట్సు అర్థంకావు అన్నాడు. ఆవిడ మందు ఇంకొంచెం గట్టిగా రుద్దింది.

వెళ్ళింది ముగ్గురు. డాక్టరుగారు, మేస్త్రి, అందరూ నిచ్చెన అని పిలిచే ఇంకొకతను. నిచ్చెన మందుల కంపెనీ తరఫున ఆస్పత్రులు తిరిగే మనిషి. గుమ్మాలన్నిటికీ తల తగిలించుకునేంత పొడుగు. ఆస్పత్రికి వచ్చినప్పుడు సరుకు డాక్టరుగారికిచ్చి, జోకులు మేస్త్రికిచ్చి పోతుంటాడు. డాక్టరుగారు ఆదివారాలు సైకిలు తొక్కడం మొదలుపెట్టిన నెలలోనే అతనికీ సైకిలు మీద భక్తి పుట్టింది. పాత ఇనుప సైకిలు ఒకటి సంపాదించాడు. ఆదివారాలు ఊరిబయట రోడ్డు మీద గాలికి ఎదురు పోయేది మేస్త్రి, ఆ గాలిచాటున పోయేది డాక్టరుగారు, వెనక కబుర్లు చెప్తూ వచ్చేది నిచ్చెన. ఈసారి సొంత ఖర్చుతో వచ్చాడు. పరాయి దేశంలో పేరున్న కొండ ఎక్కుతున్నానని, పైకెళ్ళాక వీడియో కాల్ చేసి మంచు చూపిస్తానని కూతురికి మాటిచ్చాడట. విమానం పొడుగునా ఆ పిల్ల సంగతే. బడిలో అందరికీ చెప్పేసిందని, టీచరుగారు కూడా చూస్తారని.

డాక్టరుగారు అన్నిటికీ స్టెప్నీ ఉంచుకునే మనిషి. రెండు ఫోన్లు, రెండు కళ్ళజోళ్ళు, రెండు గొడుగులు. ఒకటి పాడైతే రెండోది చేతిలో ఉండాలి. ఆ జాగ్రత్త చూసి మేస్త్రి ముచ్చటపడేవాడు.

కొండకింద ఊళ్ళో వాళ్ళు దిగిన లాడ్జి సైకిళ్ళవాళ్ళ కోసమే కట్టినట్టుంది. గదులకంటే సైకిళ్ళ షెడ్డు బాగుంది. గోడకి వరసగా పనిముట్లు, సైకిలుని నిలబెట్టే స్టాండు, ఒక బిగింపు బల్ల. లాడ్జి నడిపే ఆవిడకి వీళ్ళ భాష రాదు, వీళ్ళకి ఆవిడది రాదు. చేతులతోనే మాట్లాడుకున్నారు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. రోడ్డు దాని మీద వదిలేసిన తాడులాగా మెలికలు తిరుగుతూ పోయి, పైన మంచు మిగిలినచోట కనిపించకుండా పోతోంది. మేస్త్రి దాన్ని చూస్తూ టీ చల్లార్చేసుకున్నాడు.

షెడ్డులో పెట్టెలు విప్పారు. నిచ్చెన సైకిలుకి ఏం కాలేదు, ఇంతకంటే అవడానికి దానికింకేం మిగల్లేదు. మేస్త్రిది చుట్టిన గుడ్డలతో సహా క్షేమంగా ఉంది. డాక్టరుగారిది బయటికి తీసి స్టాండుకి పెడుతుంటే చిన్నగా చిటుక్కుమంది. కింది గొట్టం మీద వెంట్రుకలాంటి గీత. డాక్టరుగారు గోరుతో తట్టి చూశారు. గీత ఇవతల ఒక చప్పుడు, అవతల ఒక చప్పుడు. విమానంలో ఎక్కడో దెబ్బ తగిలింది.

నిచ్చెన అయ్యయ్యో అన్నాడు. మేస్త్రి వంగి గీత వంక చూశాడు. పాపం అనుకున్నాడు, ఇంతదూరం వచ్చి. డాక్టరుగారు మాత్రం కంగారుపడలేదు. అదే మేస్త్రికి ముందు వింతగా అనిపించింది. రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, పగిలిన సైకిలుకి ఉన్న పెడళ్ళు రెండూ ఊడదీయమని నిచ్చెనకి చెప్పారు. అవి మేస్త్రి సైకిలుకి బిగించమన్నారు.

సీటు ఎత్తు చూసుకోవాలి కదా అని నిచ్చెన తన సైకిలు అలవాటు కొద్దీ చేతిలో మరలు తిప్పే ఎలెన్ కీ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరుగారు మేస్త్రి సైకిలు ఎక్కారు. కాలు కిందికి చాపితే పెడలు మీద మడమ సరిగ్గా ఆనింది. షెడ్డు బయట వాకిలి చుట్టూ ఒకసారి తిరిగారు, ఇంకోసారి తిరిగారు. పిరుదులు ఇటు కదల్లేదు, అటు కదల్లేదు. మోకాళ్ళు మిషను మీద సూదిలాగా తిన్నగా పైకీ కిందకీ ఆడుతున్నాయి.

"అదేం అక్కర్లేదు, అది లోపల పెట్టెయ్," అన్నారు డాక్టరుగారు నిచ్చెన చేతిలో ఎలెన్ కీ చూసి.

మేస్త్రి గోడకి ఆనుకుని చూస్తున్నాడు. నోట్లో సెట్టు పెట్టగానే సరిపోయిందా లేదా అన్నది మనిషి చెప్పక్కర్లేదు, దవడ చెప్తుంది. అతను ఆ పని మీద బతుకుతున్నవాడు. ఆ సైకిలు ఎవరి నోటికి చేసిన సెట్టో అతనికి వాకిలి చుట్టూ మొదటిసారి తిరిగినప్పుడే తెలిసిపోయింది. రెండోసారి తిరిగినప్పుడు, ఇన్నాళ్ళూ తన నడుము ఎవరి కాళ్ళకి అలవాటు పడబోయిందో అర్థమైంది. మనిషి నోరు వెళ్ళబెట్టలేదు, ముఖం మాడ్చుకోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

నిచ్చెన పెట్టెలు సర్దడానికి వెళ్ళాక మేస్త్రి దగ్గరికొచ్చాడు. "షాపాయన తీసుకున్నది నా కాలి కొలత కదా సార్," అన్నాడు.

"తీసుకున్నాడు. నీ కాలికంటే నా కాలు రెండు వేళ్ళు పొడుగు. పొట్టిగా కోస్తే నాకు పనికిరాదు, పొడుగ్గా ఉంటే ఇద్దరమూ తొక్కొచ్చు. నేనే చెప్పాను అలా కొయ్యమని."

దాపరికమేమీ లేదు ఆ గొంతులో. ఆస్పత్రి గోడకి ఏ రంగు వేయించారంటే చెప్పినట్టు చెప్పారు.

"నాకు నెప్పిగా ఉందని చెప్పాను కదా సార్."

డాక్టరుగారు పెడలు బిగువు చూసుకుంటూ, "టికెట్టు నేనెందుకు తీశాననుకున్నావు మేస్త్రీ? నా టికెట్టు మీద ఒక్క సైకిలే ఎక్కనిస్తారు. రెండోది రావాలంటే రెండో మనిషి రావాలి," అన్నారు. తర్వాత, ఎందుకో ఇంకొంచెం చెప్పడం బాగుంటుందనిపించి, "నీ సైకిలు నీదే. ఎల్లుండి సాయంత్రం తుడిచి మరీ ఇచ్చేస్తాను. నువ్వు మన వెంట వచ్చే వ్యానులో రా. దారిలో నీళ్ళు అందించడానికి తెలిసిన మనిషి ఉండాలి. కొండ అద్దంలోంచి ఇంకా బాగా కనిపిస్తుంది," అని భుజం తట్టారు.

మేస్త్రి సరే సార్ అన్నాడు. ఆ మాట కూడా నాలిక మీద నున్నగా ఉంది.

మర్నాడు డాక్టరుగారూ నిచ్చెనా నెంబర్లు తెచ్చుకోవడానికి ఊళ్ళోకి వెళ్ళారు. చొక్కాకి తగిలించుకునే నెంబరు ఉంటేనే కొండమీదికి పోయే గుంపులో చేరనిస్తారు. మేస్త్రిని షెడ్డులో ఉండి గొలుసు కడిగి నూనె పెట్టమన్నారు.

గొలుసు కడిగాడు. పళ్ళచక్రం ఒక్కో పన్నూ బ్రష్షుతో తోమాడు. పళ్ళు ఎవరివైనా తోమడం అతనికి చేతకాని పని కాదు. నూనె ఒక్కో బొట్టూ వేసి, ఎక్కువైంది తుడిచాడు. పని అయిపోయింది. సైకిలు స్టాండుమీద మెరుస్తోంది. దాని ఎదురుగా స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. వద్దు సార్, ఇవ్వను సార్ అని నోట్లోనే అనుకుని చూశాడు. నోట్లో ఉన్నప్పుడు మాట బాగానే ఉంది గానీ పెదాలదాకా వచ్చేసరికి సరే సార్ అయిపోతోంది. ఆ నోటికి అలవాటైన సెట్టు అది.

లేచి, బూట్లు విప్పి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ళమధ్య పైకి ఇరికించుకుని గోడమీద పెన్సిలు గీత పెట్టాడు. షాపాయన కొలిచినట్టే. టేపుతో కొలిచి, ఆ లెక్క ఫ్రేము మీదికి తెచ్చి, సీటు విప్పి, పైకి పెరిగిన గొట్టం చుట్టూ తెల్ల టేపు చుట్టి దానిమీద గీత గీశాడు. గీతకీ గొట్టం కొసకీ మధ్య వేళ్ళు ఆనించాడు. రెండు వేళ్ళు పట్టాయి.

గోడకున్న రంపాల్లో సన్నపళ్ళది తీశాడు. అప్పుడే లాడ్జి ఆవిడ దుప్పట్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అతన్నీ రంపాన్నీ చూసి ఆగిపోయింది. గొట్టం వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఆడించింది. కోస్తే మళ్ళీ రాదు సుమా అని. మేస్త్రి తలూపాడు. గోడమీద పెన్సిలు గీత చూపించి, తన కాలు చూపించాడు. ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. దుప్పట్లు పక్కనపెట్టి, ఒక చెక్కదిమ్మ తెచ్చి గొట్టం కదలకుండా పట్టుకుంది.

మేస్త్రి ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. ఈ కార్బన్ గొట్టం కోస్తే లేచే నల్లటి పొడి, సెట్టు గీకినప్పుడు లేచే గులాబీ పొడికంటే చెడ్డది. రంపం పళ్ళు నీళ్ళలో ముంచి గీత మీద ఆనించాడు. తొందరపడకుండా, నొక్కకుండా, రంపం బరువుతోనే రంపాన్ని నడిపించాడు. నీళ్ళు నల్లగా కారుతున్నాయి. కొంతసేపటికి ముక్క చప్పుడు లేకుండా విడివడి బల్ల మీద ఉంగరంలాగా దొర్లింది. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా గీకి, వేలితో చుట్టూ తడిమాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. మైనానికైతే ఎక్కువ గీకితే మళ్ళీ కొంచెం కలుపుకోవచ్చు. దీనికి కలపడం లేదు. ఆ సంగతి తలుచుకున్నా తప్పు చేసినట్టు అనిపించలేదు.

సీటు బిగించి తన పెడళ్ళు తను పెట్టుకుని వాకిలి చుట్టూ తిరిగాడు. కాలు చాపితే ఆనింది. నడుము నోరెత్తలేదు. ఇంకోసారి తిరిగాడు. అంతే, వాకిట్లో చిన్నపిల్లాడిలాగా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. లాడ్జి ఆవిడ దుప్పట్లు ఆరేస్తూ నవ్వింది.

సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చారు. నిచ్చెన జేబులోంచి మూడు నెంబర్లు తీశాడు. మేస్త్రిది మేస్త్రి చేతిలో పెట్టి, "ఎలాగూ నీ పేరు మీద ఉంది కదాన్నా, గుర్తుగా ఉంటుందని అడిగి తెచ్చాను. వదినకి చూపించు. వ్యానులో కూర్చున్నావని మేం చెప్పంలే," అన్నాడు. కొంటెగా అన్నా అందులో విషం లేదు.

డాక్టరుగారు షెడ్డులోకి వెళ్ళి సైకిలు ఎక్కబోయారు. ఎక్కి, మోకాళ్ళు పైకి రావడం చూసి దిగారు. వంగి సీటు కింద చూశారు. కోసిన అంచుమీద బొటనవేలు పెట్టి రుద్దారు, పేషంటు పన్ను చూసినట్టు.

"ఎవరు కోశారిది?"

"నేనే సార్."

"ఎందుకు?"

"నా కొలత కాదు సార్. నెప్పెడుతోంది."

"అలవాటయ్యేది."

"అవలేదు సార్," అన్నాడు మేస్త్రి.

వాకిట్లో దుప్పట్లు గాలికి కొట్టుకుంటున్నాయి. డాక్టరుగారు అరుస్తారని మేస్త్రి ఒళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాడు. ఆయన అరవలేదు. మేస్త్రి ముఖంలోకి కొత్తగా చూశారు, ఇన్నేళ్ళలో మొదటిసారి అక్కడొక మనిషి కనిపించినట్టు, ఆ కనిపించడం తనకి నచ్చనట్టు. "పని శుభ్రంగానే చేశావు. తిరిగెళ్ళాక ఆస్పత్రి సంగతి మాట్లాడదాం," అన్నారు. అని, మెడ తిప్పి, "నిచ్చెనా, నీ సైకిలు ఇలా తీసుకురా," అన్నారు.

నిచ్చెన నెంబరుని చొక్కాకి ఆనించి చూసుకుంటున్నాడు. పిన్నులు పెదాలమధ్య ఉన్నాయి. ఆ మాట విని పిన్నులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో వేసుకున్నాడు. మేస్త్రి వైపు చూశాడు. ఒక్క చూపే. తర్వాత ముఖం నిండా నవ్వు తెచ్చుకుని, "అంతకంటేనా సార్, పాతదైపోయిందని గానీ నేనే ఇద్దామనుకున్నాను," అంటూ ఇనుప సైకిలు నడిపించుకొచ్చాడు. అతని దాంట్లో సీటు కిందికి కావాలంటే కిందికీ, పైకి కావాలంటే పైకీ జరుగుతుంది. ఎలెన్ కీ తీసి మర వదులు చేసి, డాక్టరుగారి తొడమీదికి చూస్తూ కొంచెం కొంచెంగా దించాడు. సరిపోయిందా సార్ అని అడుగుతూ దించాడు. పగిలిన సైకిలు పెడళ్ళు మేస్త్రి సైకిలుకి పెట్టిన చేతులతోనే మళ్ళీ తన సైకిలుకి పెట్టాడు.

మేస్త్రి నోరు తెరిచాడు. డాక్టరుగారు ఇంకెవరినీ అడగరని అతనెందుకు అనుకున్నాడో అతనికే తెలియదు. కోసేటప్పుడు తన కాలు కొలుచుకున్నాడు, డాక్టరుగారి కాలు మనసులో కొలుచుకున్నాడు. మూడో మనిషి కాలు ఉందన్న సంగతే గుర్తురాలేదు. ఏదైనా అందామని "తమ్ముడూ" అన్నాడు. నిచ్చెన వినిపించుకోకుండా చక్రాల్లో గాలి నొక్కి చూస్తున్నాడు.

పొద్దున కొండకింద వందలమంది. రంగురంగుల చొక్కాలు, అర్థంకాని భాషలు, అరుపులు. రోడ్డు పక్కన ముసలీ ముతకా కుర్చీలు వేసుకుని కూర్చుని ఎవరొచ్చినా చప్పట్లు కొడుతున్నారు. మేస్త్రికి కూడా కొట్టారు. చెట్లున్నంతసేపూ అతనికి ఒళ్ళు తెలియలేదు. సైకిలు కాళ్ళకిందికి దానంతటదే వస్తోంది. నడుము ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాలన్నట్టుంది. ఈ సైకిలు ఇలా పోతుందా అనుకున్నాడు. కొన్న ఇన్నాళ్ళకి దాన్ని మొదటిసారి చూసినవాడిలాగా దాని ముందుచక్రం వంక చూస్తూ తొక్కాడు.

చెట్లు అయిపోయి రాళ్ళు మొదలైనచోట గాలి ఎదురు కొట్టింది. అక్కడ డాక్టరుగారిని అందుకున్నాడు. ఆయన ఇనుప సైకిలు మీద రొప్పుతున్నారు. మేస్త్రిని చూసి ఏమీ జరగనట్టే, "ముందుకి రా మేస్త్రీ, గాలి కొడుతోంది," అన్నారు.

మేస్త్రి ముందుకి వెళ్ళాడు. తల వంచి, మోచేతులు దగ్గరికి తెచ్చుకుని, ఆదివారాలు పోయినట్టే పోయాడు. వెనక ఆయన చక్రం చప్పుడు తన చక్రానికి అంటుకుని వస్తోంది. ఒక మలుపు దాటారు, ఇంకో మలుపు దాటారు. అప్పుడు గానీ తనేం చేస్తున్నాడో అతనికి తట్టలేదు. సిగ్గుతో చెవులు కాలాయి. సీటు కొయ్యగలిగాడు గానీ దీన్ని ఎక్కడ కొయ్యాలో తెలియలేదు. పళ్ళు బిగించి నాలుగు తొక్కులు గట్టిగా తొక్కాడు. వెనక చప్పుడు కొంచెం దూరమైంది, ఇంకొంచెం దూరమైంది, ఆగిపోయింది. ఆయన పిలిచారో లేదో గాలిలో వినపడలేదు.

వ్యాను అతన్ని దాటి పైకి పోయింది. కిటికీలో నిచ్చెన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో నీళ్ళ సీసాల బుట్ట. సీట్ల మధ్య కాళ్ళు పట్టక మోకాళ్ళు గడ్డందాకా వచ్చాయి. మేస్త్రి చెయ్యెత్తాడు. వెళ్ళేటప్పుడు ఒక జోకైనా విసురుతాడనుకున్నాడు. దాక్కో అన్నా డాక్టరొస్తున్నాడు అనైనా అంటాడనుకున్నాడు. నిచ్చెన అటుపక్క కొండవైపు చూస్తున్నాడు.

పైన ఒక బోర్డు, మంచు మరకలు, ఫోటోలకి వరస. ఎవరో అతనికి కెమెరా ఇచ్చి తమని తియ్యమని సైగ చేశారు, తీసిచ్చాడు. ఇంకొకరిచ్చారు, తీశాడు. తనది తియ్యమని ఎవరినీ అడగలేదు. వ్యాను ఒక పక్కన ఆగి ఉంది. నిచ్చెన దాని మెట్టుమీద కూర్చున్నాడు. జేబులో ఫోను మోగుతోంది. తీసి చూసి, మోగనిచ్చి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆగి మళ్ళీ మోగింది.

"ఎత్తు తమ్ముడూ, మంచు చూపించు. పిల్ల ఎదురుచూస్తుంటుంది," అన్నాడు మేస్త్రి.

"సైకిలేది నాన్నా అంటుంది. ఏం చూపించను?"

మేస్త్రి సైకిలుని అతని ముందు నిలబెట్టాడు. "ఇదిగో, ఇది చూపించు. ఇక్కణ్ణుంచి దిగేదంతా నువ్వే తొక్కు. నేను వ్యానులో కూర్చుంటాను. నెంబరు కూడా తగిలించుకో, నీ దగ్గరే ఉందిగా."

నిచ్చెన ఒక్క క్షణం అతన్నీ సైకిలునీ మార్చి మార్చి చూశాడు. లేచి, జేబులోంచి నెంబరు తీసి నలిగిన చోట సాపు చేసి, పిన్నులు పెట్టుకున్నాడు. సైకిలు ఎక్కాడు. ఒక కాలు పెడలు మీద పెట్టి రెండోది పైకి తీశాడు. మోకాలు హేండిలుకి టక్కుమని తగిలింది. కాలు వెడల్పుగా పెట్టి ఇంకోసారి తొక్కబోయాడు. సైకిలు వంకర తిరిగి, పడబోయి, కాలు కింద మోపాడు. వరసలో నిలబడ్డవాళ్ళెవరో నవ్వారు. మేస్త్రి అలవాటు కొద్దీ సీటు కింద మర కోసం చెయ్యి పెట్టాడు. అక్కడ మర లేదు. తను నున్నగా గీకిన అంచు మాత్రం వేలికి తగిలింది.

నిచ్చెన దిగి, సైకిలుని పెళుసు వస్తువు అందించినట్టు జాగ్రత్తగా అతని చేతికిచ్చాడు.

"మంచి పని చేశావన్నా. ఇంక దీన్ని నిన్నెవరూ అడగరు," అన్నాడు. వ్యాను ఎక్కి తలుపు లాక్కున్నాడు.

కింద మలుపులో డాక్టరుగారు కనిపించారు, తల వేలాడేసుకుని, ఇనుప సైకిలుని ఇటూ అటూ ఊపుతూ వస్తున్నారు. వ్యాను కిటికీ అద్దం కిందికి దిగింది. పొడుగాటి చెయ్యి ఒకటి నీళ్ళ సీసాతో బయటికి వచ్చి, ఆయన వచ్చేదాకా గాలిలో అలాగే నిలబడింది.